ఫిజిక్స్‌కు పడని ఒత్తు

మాస్టారు మేడమెట్ల కింద పడి ఉన్నారు. బోర్లా. కళ్లజోడు ఒక పక్క, సెల్‌ఫోన్ ఇంకో పక్క. మెడ తిరగకూడని వైపు తిరిగి ఉంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఇంట్లో ఎవరూ ఏడవడం లేదు. మాస్టారి భార్య చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలో కూర్చుంది. స్టవ్ ఆపమని ఎవరో అంటే ఆపి, మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంది. ఏడుపు రావాలంటే ముందు నమ్మాలి కదా. ఇన్‌స్పెక్టర్‌కూ ఏమీ అనిపించలేదు. శవాల్ని చూసీ చూసీ ఆయన మనసు ఎప్పుడో మొద్దుబారింది.

ఇంట్లో ఇంకా ఉన్నది ఇద్దరమ్మాయిలు. మాస్టారి అన్న కూతుళ్లు. తల్లీతండ్రీ పోతే ఆయనే తెచ్చి పెంచారు. ఏడాది తేడా. అచ్చు గుద్దినట్టు ఒకే పోలిక.

పెద్దమ్మాయికి పైలట్ కావాలని పట్టుదల. ఇంటర్లో తీసుకున్నది మాత్రం కామర్స్. మ్యాథ్స్, ఫిజిక్స్ లేనిదే చేర్చుకోమన్నారు ఫ్లయింగ్ స్కూలువాళ్లు. మాస్టారు ఇంట్లో కూర్చోబెట్టి పాఠాలు చెప్పి, ఆ రెండు పేపర్లూ విడిగా రాయించారు. పాసైంది. ఇక మిగిలింది మెడికల్. ఆ ఉదయమే కంటి పరీక్ష అయింది.

"ఆయన పడినప్పుడు ఎక్కడున్నావమ్మా?" పెద్దమ్మాయిని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"పై గదిలో పడుకున్నాను సార్."

"పట్టపగలా?"

"ఆస్పత్రిలో కళ్లలో చుక్కలు వేశారు. కనుపాపలు పెద్దవవడానికి. సాయంత్రం దాకా దగ్గరవి ఏవీ సరిగ్గా కనబడవు. మెట్లు కూడా తడుముకుంటూ ఎక్కాను."

"చప్పుడు వినబడలేదా?"

"వినబడింది. గిన్నె పడిందనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ రెండో అమ్మాయి వైపు తిరిగాడు. "నువ్వు?"

"కింద గదిలో లెక్కలు చేసుకుంటున్నానండీ."

"బాబాయి ఎలా పడ్డాడో చూశావా?"

"లేదండీ."

కానిస్టేబుల్ చదువుల వివరాలతో సహా ఇద్దరి స్టేట్‌మెంట్లూ రాసి సంతకాలకిచ్చాడు. అతని అక్షరాలు చీమల బారే. చిన్నమ్మాయి కాగితాన్ని దూరంగా పట్టుకుంది. దగ్గరికి తెచ్చుకుంది. చివరికి, "మీరే చదివేయరూ," అంది.

పెద్దమ్మాయి తనది తనే చదువుకుంది. ఒకచోట ఆగింది.

"సార్, ఇక్కడ 'పిజిక్స్' అని పడింది. ఒత్తు లేదు."

తనే పెన్నుతో ఒత్తు పెట్టి సంతకం చేసింది. బాబాయి నేర్పిన అలవాటు. ఒక్క అక్షరం తప్పున్నా దరఖాస్తు వెనక్కొస్తుందని ఆయన ఎన్నిసార్లు దిద్దించారో.

"ఇంత దుఃఖంలోనూ నా తప్పులే దొరికాయి," అని గొణుక్కున్నాడు కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ మాస్టారి ఫోన్ తీసుకొని పెరట్లోకి వెళ్లాడు. చివరి కాల్ 1:50కి. కంటి డాక్టరుకి. అదే నంబరుకు చేసి మాట్లాడాడు.

లోపలికొచ్చి ముగ్గురినీ హాల్లో కూర్చోబెట్టాడు.

"చుక్కలు పడిన కళ్లకు ఇంత సన్న రాతలో ఒత్తు లేదని తెలియదమ్మా. నీకు తెలిసింది. లెక్కలు చేసుకుంటున్నానన్న నీ చెల్లెలికి తన స్టేట్‌మెంటే కనబడలేదు. పొద్దున ఆస్పత్రికెళ్లింది నువ్వు కాదు."

చిన్నమ్మాయి తల దించుకుంది. "అక్క గుర్తింపు కార్డు పట్టుకుని నేనే వెళ్లానండీ. అన్నాలయ్యాక బాబాయి ఒక లెక్క చూడమన్నాడు. అంకెలు కనబడలేదు. నా కళ్లలోకి చూశాడు. అక్క బదులు ఎందుకెళ్లానో చెప్పేశాను. ఇంకేమీ అడగలేదు."

"మరి నువ్వెందుకు వెళ్లలేదు?" పెద్దమ్మాయిని అడిగాడు.

"నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా ఉంటాయి సార్. ఆడపిల్లల్లో అరుదట. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. రంగురంగుల చుక్కల్లో అంకె దాచిన పుస్తకం చూపించి చదవమంటారు. నాకు చుక్కలే కనబడతాయి." పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది. "బాబాయి మెట్ల మీద ఫోన్లో మాట్లాడుతున్నాడు. మా పెద్దమ్మాయికి రంగుల తేడా తెలియదు డాక్టరుగారూ, అన్నాడు. అంతా చెప్పేస్తున్నాడనుకున్నా. ఫోన్ లాక్కోబోయాను. విదిలించుకున్నాడు. పడిపోయాడు. అంతే సార్."

"అంతకుముందు ఆయన ఏమన్నాడో విన్నావా?"

"లేదు."

"పొద్దుటి సంగతి ఆయన ఎత్తనేలేదు. చుక్కల పుస్తకం చదవలేనివాళ్లకు ఇంకో పరీక్ష ఏమైనా ఉందా అని అడిగాడట. ఉందట. చీకటి గదిలో రంగుదీపాలు చూపిస్తారట. అందులో గట్టెక్కినా చాలట. ఇంతకీ ఇబ్బంది ఏమిటని డాక్టరు అడిగితే, అప్పుడన్న మాట నువ్వు విన్నది."

పెద్దమ్మాయి రెప్ప వేయలేదు.

"అందులో పాసయ్యేదాన్నా సార్?"

"ఏమో. కొంతమంది పాసవుతారన్నాడు."

"నాతో ఒక్క మాట చెప్పి ఫోన్ చేయొచ్చు కదా."

పిన్ని అంతసేపటికి నోరు విప్పింది. "ఖాయమైతే గానీ చెప్పేవారా ఆయన? నీకు ఆశపెట్టి, మళ్లీ లేదనలేక..."

గరిటె కింద పెట్టి, పెద్దమ్మాయి చేతులు రెండూ పట్టుకొని బావురుమంది. ఇన్‌స్పెక్టర్ ఇక పెద్దమ్మాయిని లేవమనాలి. పోలీసు వ్యాన్ గేటు ముందే ఉంది. కాసేపాగి అందామని ఆయన కిటికీ వైపు తిరిగాడు.