నంబరు చెప్పని అమ్మాయి

అమ్మ రక్తం పోయింది శనివారం ఉదయం.

పోయిందంటే, పరీక్ష కోసం తీసిన రక్తం. ల్యాబులో నమూనాలను గిరగిరా తిప్పే మిషన్లో ఆమె రక్తమున్న గొట్టం ఒక్కటే పగిలింది. మధ్యాహ్నం ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసి విషయం చెప్పింది. సాయంత్రానికి కొడుకు తల్లిని వెంటబెట్టుకుని వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. అతను బడిలో లెక్కల మాస్టారు. ఆఖరి బెంచీదాకా వినిపించేలా మాట్లాడటం అలవాటు.

"పగిలిందంటే? ఎలా పగిలింది?"

"గొట్టానికి ముందే సన్న చీలిక ఉందండీ. నేను చూసుకోవాల్సింది. తప్పు నాదే. మళ్ళీ తీస్తాను."

"మళ్ళీ తీస్తారా? ఆపరేషన్ అయిన వైపు చెయ్యి ముట్టుకోకూడదు. ఉన్న ఒక్క చెయ్యీ సూదులతో జల్లెడైపోయింది. అందులో నరం దొరకడం ఎంత కష్టమో తెలుసా?"

"తెలుసండీ. వెతికేది నేనేగా."

"వెతికేదీ మీరే, తీసేదీ మీరే, పారబోసేదీ మీరే!"

బెంచీ మీద కూర్చున్న తల్లి కొడుకు చొక్కా పట్టి లాగింది. "ఒరేయ్, మెల్లగా. ఇది నీ తొమ్మిదో తరగతి కాదు. ఏమ్మా దోమపిల్లా, వీడి మాటలు పట్టించుకోకు. మళ్ళీ కుట్టు."

ఆ పేరు ఆవిడ మొదటిరోజే పెట్టింది. చప్పుడు లేకుండా కుట్టి రక్తం పట్టుకుపోతుంది, నొప్పి తర్వాతెప్పుడో తెలుస్తుంది అని.

కొడుకు అప్పటికే గొడుగు తీశాడు. "పదమ్మా. ఊళ్ళో ల్యాబులకేం కరువా?"

వీధి మలుపులో కొత్తగా పెట్టిన అద్దాల ల్యాబుకి తీసుకెళ్ళాడు. అక్కడ నరం మూడో పోటుకి దొరికింది. తల్లి సూది దిగిన చోట దూది నొక్కిపట్టుకుంది. కొడుకు వైపు ఒకసారి చూసింది.

రొమ్ము క్యాన్సర్ ఎముకలకు చేరిందని తెలిసిన దగ్గర్నుంచి ఆ ఇల్లు ఒక నంబరు చుట్టూ తిరుగుతోంది. సీఏ ఫిఫ్టీన్-త్రీ అని ఒక రక్తపరీక్ష. కణితి రక్తంలోకి వదిలే ఒక పదార్థం ఎంత ఉందో చెబుతుంది. మందు పనిచేస్తుంటే మామూలుగా అది తగ్గుతూ వస్తుంది. మొదట తొంభై ఆరు. తర్వాత డెబ్బై నాలుగు. ఆ తర్వాత అరవై రెండు. తండ్రి పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. అలా తగ్గుతున్న అంకెలు చూసుకునే కొడుకు ధైర్యంగా తిరుగుతున్నాడు.

అద్దాల ల్యాబు ఎనభై ఒకటి అని చెప్పింది.

సోమవారం క్లాసులో అతను ఏడెనిమిదులు యాభై నాలుగన్నాడు. అతని ముఖం చూసి పిల్లలెవరూ దిద్దలేదు.

డాక్టరు రిపోర్టు తిరగేసి, "ఇదెక్కడ చేయించారు?" అని అడిగింది.

"కొత్త ల్యాబులో అండీ."

"మార్చారెందుకు?"

కొడుకు బల్ల వైపు చూశాడు. తల్లే చెప్పింది. "పాత ల్యాబు అమ్మాయితో గొడవేసుకున్నాడు డాక్టరుగారూ."

డాక్టరు నవ్వు ఆపుకుంది. "చూడండి, ఒక్కో ల్యాబుది ఒక్కో మిషను, ఒక్కో పద్ధతి. అక్కడి అరవై రెండునీ ఇక్కడి ఎనభై ఒకటినీ పక్కపక్కన పెట్టి పెరిగిందనుకోకూడదు. ఆ నంబరొక్కటే చూసి నేను మందు మార్చను కూడా. స్కాను చూడాలి, మీ అమ్మగారి నొప్పులెలా ఉన్నాయో చూడాలి. ముందు వెళ్ళి పాత చోటే మళ్ళీ చేయించండి."

"ఆ ల్యాబుకే వెళ్ళాలా?"

"ఆ ల్యాబుకే."

తల్లి నవ్వు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వాళ్ళు వెళ్ళేసరికి వాన మొదలైంది. తడిసిన జుట్టుతో గుమ్మంలో నిలబడ్డ మాస్టారిని ల్యాబ్ అమ్మాయి తాపీగా చూసింది.

"రండి మాస్టారూ. ల్యాబులకి కరువొచ్చిందా?"

"అది... డాక్టరుగారు..."

"అర్థమైంది. అమ్మా, చెయ్యి ఇలా ఇవ్వండి. మాస్టారూ, మీరు కిటికీ వైపు తిరగండి. క్రితంసారి సూది చూసి మీ ముఖం పాలిపోయింది."

"ఏం పాలిపోలేదు."

"నాకు ఇద్దరు పేషెంట్లని పట్టుకునే ఓపిక లేదండీ. తిరగండి."

అతను తిరిగాడు. ఒక్క పోటుకే నరం దొరికింది. తల్లి "ఆ" అని కూడా అనలేదు.

ఈ పరీక్షకి నమూనాలు కొన్ని పోగయ్యాకే మిషన్లో పెడతారట. శుక్రవారందాకా ఆగమంది ఆ అమ్మాయి. మాస్టారు బుధవారమే వచ్చాడు.

"గొట్టం భద్రంగా ఉందా?"

"ఫ్రిజ్‌లో ఉందండీ. మీరు అడిగారని దానితో చెప్పమంటారా?"

గురువారం మళ్ళీ వచ్చాడు.

"ఇవాళ దేనికి?"

"నిన్న గొడుగు ఇక్కడ మర్చిపోయాననుకుంటా."

"మరి ఆ చేతిలోది?"

అతను చేతిలోని గొడుగు వైపు చూసుకున్నాడు. ఆమె రిజిస్టరులో తలదూర్చింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

శుక్రవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. "రిపోర్టు డాక్టరుగారికి పంపానండీ. నంబరు ఆవిడే చెప్పాలి."

"ఒక్క ముక్క చెప్పండి."

"చెప్పను." మళ్ళీ తనే అంది: "వానగా ఉంది కదా మాస్టారూ. రాత్రికి దుప్పటి కప్పుకుని హాయిగా పడుకోండి."

యాభై ఒకటి. స్కాను కూడా నిలకడగా ఉందని డాక్టరు చెప్పింది.

ఆ కబురు పట్టుకుని మాస్టారు ల్యాబుకి వచ్చాడు. చెప్పడం అయిపోయినా కదల్లేదు.

"మళ్ళీ పరీక్ష మూడు నెలలకట."

"అవును."

"అప్పటిదాకా నాకిక్కడ పనుండదు."

"ఇక్కడికి రావాలంటే రక్తమే ఇవ్వాలా?"

బయట వాన చూరు మీంచి ధారగా పడుతోంది. అతను గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మకి కోడలిగా... కాదు, ముందు నాకు... అంటే, రెండూ ఒకటే అనుకోండి..."

"లెక్క తప్పుతున్నారు మాస్టారూ," అని ఆమె నవ్వింది. తర్వాత నవ్వు తగ్గింది. "నేనొకసారి అమ్మగారితో మాట్లాడాలి."

ఆదివారం ఆ అమ్మాయి వాళ్ళింటికి వచ్చింది. తల్లి పక్కన కూర్చుంది.

"ఆయనంటే ఇష్టమేనమ్మా. మీరన్నా ఇష్టమే. అందుకే భయం."

"దేనికి?"

"మీ రక్తం మిషన్లో పెట్టేది నేను. నంబరు అందరికన్నా ముందు చూసేది నేను. అది పెరిగిన రోజు నేను ఇంటికి ఏ ముఖం పెట్టుకుని రావాలి?"

కొడుకు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అలాంటి రోజు రాదని ఆ గదిలో ఎవరూ అనలేదు.

తల్లి ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "ఈ ముఖమే పెట్టుకుని రా. బాగానే ఉందిగా. మా ఆయన పోయినప్పుడు కూడా ముందు వీణ్ణే ఊరడించాల్సి వచ్చిందమ్మా. నాకు ఏడ్చే వంతు రాలేదు. ఈసారి ఆ పనికి ఇంకొకరుంటే, నేను కాసేపు నా కోసం కూర్చుంటాను."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోటి. లోకంలో కోడళ్ళందరూ పెళ్ళయ్యాక కుడతారు. నువ్వు ముందే కుట్టేశావు. నాకింక కొత్తగా భయమేముంది?"

ఏడుస్తూనే ఫక్కున నవ్విందా పిల్ల. గుమ్మంలో ఉన్నవాడు లోపలికి రావచ్చో లేదో తెలియక అక్కడే నిలబడ్డాడు.

"రారా, నిన్నే," అంది తల్లి. "ఇక్కడ సూదులేం లేవు."

వారం తిరక్కుండా ఆ అమ్మాయి తల్లిదండ్రులు వచ్చి, మాట్లాడి, సరేనని వెళ్ళారు. పెళ్ళి ఎప్పుడన్నది ఇంకా అనుకోలేదు. వచ్చే పరీక్షకు తల్లి రక్తాన్ని మిషన్లో ఎవరు పెట్టాలన్నది కూడా ఇంకా తేల్చుకోలేదు.