ఎర్ర గుర్తు తీసిందెవరు?

ఉదయం 7:21కి శవం దొరికింది.

సబ్బుల ఫ్యాక్టరీ పై అంతస్తులో, రెండు టన్నుల మిక్సర్ లోపల. చనిపోయింది ఆ ఫ్యాక్టరీ ఫిట్టర్. వదులైన బోల్టు బిగించడానికి 6:50కి లోపలికి దిగాడు. 7:16కి మిక్సర్ తిరిగింది. కింద కంట్రోల్ రూమ్‌లో ఉన్న ఆపరేటర్‌కి అరుపు వినపడలేదు. మోటారు మీద లోడు ఎక్కువగా చూపిస్తోందని ఆపాడు. పైకెళ్ళి చూసి మెట్ల మీదే కూలబడ్డాడు.

సాయంత్రానికల్లా పోలీసులు ఒకణ్ణి పట్టుకున్నారు. ఫ్యాక్టరీ నెట్‌వర్క్ ఇంజనీర్. చనిపోయినవాడి బావమరిది.

మర్నాడు కేసు సైబర్ విభాగం ఇన్‌స్పెక్టర్ చేతికి వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని తక్కెడ అంటారు. రెండు వైపులా తూచేదాకా నోరు విప్పడని.

స్టేషన్‌లో ఆయన కోసం అప్పటికే ఫిట్టర్ భార్య కాచుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎండిపోయాయి.

"సార్, ఒకటే అడుగుతాను. మా ఆయన్ని నా తమ్ముడే చంపాడా?"

"కాగితాలు అలాగే చెబుతున్నాయమ్మా."

"కాగితాల సంగతి నాకెందుకు? మీరేమంటారు?"

"ఇంకా తూచలేదు."

"తొందరగా తూచండి. రేపు పదింటికి శవాన్ని తీసుకెళ్తారు. వాణ్ణి పక్కన నిలబడనివ్వాలో తరిమెయ్యాలో నాకు తెలియాలి. అల్లుడు పోయాడని ఏడవాలో, కొడుకు హంతకుడని ఏడవాలో తెలియక మా అమ్మ నిన్నటి నుంచి గోడకి చేరబడి కూర్చుంది."

ఇన్‌స్పెక్టర్ జీపెక్కాడు.

ఫ్యాక్టరీ మేనేజర్ గదిలో ఏసీ గట్టిగా మోగుతోంది. పక్కన షిఫ్ట్ సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మిషన్‌లో మనిషి ఉంటే అది ఆగి ఉండాలి కదా?"

"ఉండాలి సార్," అన్నాడు మేనేజర్. "ఇదివరకు ఫిట్టర్లు మెయిన్ స్విచ్‌కి ఎవరి తాళం వాళ్ళు వేసుకుని దిగేవాళ్ళు. చెవి వాళ్ళ జేబులోనే. ఆర్నెల్ల కిందట ఆ పద్ధతి తీసేశాం. ఇప్పుడు ఫిట్టర్ తన లాగిన్‌తో స్క్రీన్ మీద ఎర్ర గుర్తు పెడతాడు. అది ఉన్నంతసేపూ మిషన్ కదలదు."

"దాన్ని ఎవరు తీయగలరు?"

"పెట్టినవాడు. లేకపోతే, ఎమర్జెన్సీలో, నెట్‌వర్క్ ఇంజనీర్."

"నిన్న?"

"ఇంజనీరే తీశాడు సార్. 7:14కి అతని లాగిన్. పాస్‌వర్డ్ కరెక్టు. లాగిన్ అయ్యేది నువ్వేనా అని ఫోన్‌కి వెళ్ళిన అప్రూవల్ కూడా అతనే నొక్కాడు. 7:15కి గుర్తు పోయింది. అడ్డు లేదనుకుని ఆపరేటర్ మిషన్ వేశాడు. మూడు నెలల్లో అతని పేరు మీద తప్పు పాస్‌వర్డ్ ఒక్కటీ పడలేదు. బయటివాళ్ళు హ్యాక్ చేసుంటే పడేది కదా?"

సూపర్‌వైజర్ గొంతు సవరించుకున్నాడు. "మొన్న క్యాంటీన్‌లో బావా బావమరుదులు గొడవపడ్డారు సార్. అందరం విన్నాం. నీ సంగతి చూస్తానన్నాడు."

అక్కణ్ణుంచి ఇన్‌స్పెక్టర్ లాకప్‌కి వెళ్ళాడు. ఇంజనీర్ మూలకి ఒదిగి కూర్చున్నాడు.

"గొడవ దేనికి?"

"బావ తన ఇనప తాళమే కావాలన్నాడు సార్. నీ కంప్యూటర్ తాళాన్ని పట్టుకుని లాగి చూడాలంటే ఎక్కడ పట్టుకోవాలిరా అని అందరి ముందూ ఎగతాళి చేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నోరు జారాను. ఆ రాత్రి అక్కావాళ్ళింట్లోనే కలిసి భోంచేశాం."

"7:14కి ఎక్కడున్నావు?"

"బస్సులో. రోజూ సీట్లో కూర్చోగానే లాప్‌టాప్ తీసి లాగిన్ అవుతాను."

"ఫోన్ అడుగుతుందా?"

"అడుగుతుంది. నొక్కుతాను."

"చూసి నొక్కుతావా?"

"రోజూ నొక్కేదే కదా సార్."

"నిన్న ఎన్నిసార్లు అడిగింది?"

వాడు ఆలోచించాడు. "రెండుసార్లు అనుకుంటా. బస్సులో సిగ్నల్ సరిగా ఉండదు. మళ్ళీ అడిగిందేమో అనుకున్నాను."

"నీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

ఆ జవాబు మరీ తొందరగా వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని పక్కన పెట్టుకుని మేనేజర్‌కి ఫోన్ చేశాడు.

"తప్పు లాగిన్‌ల పట్టిక నాకొద్దు. సరిగా పడ్డ లాగిన్‌లు ఇవ్వండి. మూడు నెలలవి. ఏ కంప్యూటర్ నుంచి వచ్చాయో ఆ నంబర్లతో సహా."

"అవెందుకు సార్? వాటిని ఎవరూ చూడరు."

"ఎవరూ చూడరనేగా."

మర్నాడు ఉదయం 8:30. ఫ్యాక్టరీ మీటింగ్ హాల్లో నలుగురు కూర్చున్నారు. మేనేజర్. సూపర్‌వైజర్. నిలబడ్డ కానిస్టేబుల్ పక్కన ఇంజనీర్. బల్లకి ఈ చివర వాడి అక్క. ఆమె తమ్ముడి వైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ కాగితం పరిచాడు.

"దొంగ అంటే తలుపు బద్దలు కొడతాడనుకుని మీరు తప్పులు వెతికారు. ఈ దొంగ తాళంచెవితోనే తీశాడు. మొన్న ఉదయం 7:13కి ఇంజనీర్ లాగిన్ పడింది. అది అతని లాప్‌టాప్. 7:14కి అదే పేరుతో ఇంకొకటి. అది స్టోర్స్ గది కంప్యూటర్. ఆ సమయంలో ఇంజనీర్ బస్సులో ఉన్నాడు. బస్సు కెమెరాలో ఉన్నాడు. ఒకే మనిషి రెండు చోట్ల ఉండడు."

"మరి ఫోన్ అప్రూవల్?" అన్నాడు మేనేజర్.

"ఆ నిమిషంలో ఇంజనీర్ ఎలాగూ నొక్కుతాడు. ఒకటి నొక్కే వేలు రెండోదీ నొక్కుతుంది. అది తెలిసినవాడు సరిగ్గా ఆ సమయానికే కాచుకున్నాడు. ఇలా ఇంతకుముందు పదకొండు రోజులు జరిగింది. పదకొండు సార్లూ ఏదో ఒక మిషన్ మీద ఎర్ర గుర్తు పోయింది. స్టోర్స్ క్లర్క్ ఎనిమిదింటికి వస్తాడు. అంతకుముందు ఆ గది చెవి షిఫ్ట్ సూపర్‌వైజర్ దగ్గర ఉంటుంది. మీకు ముగ్గురు సూపర్‌వైజర్లు, వారానికొకరు ఉదయం షిఫ్ట్. మొన్నటితో కలిపి పన్నెండు రోజులూ ఒక్కరి షిఫ్టే."

అందరూ సూపర్‌వైజర్ వైపు తిరిగారు.

అతను తొణకలేదు. "చెవి ఉంటే సరిపోతుందా సార్? అతని పాస్‌వర్డ్ నాకెలా తెలుస్తుంది? అతణ్ణే అడగండి, ఎవరికైనా చెప్పాడేమో."

ఇన్‌స్పెక్టర్ ఇంజనీర్ ముందు కుర్చీ లాక్కున్నాడు.

"నువ్వు నోరు విప్పకపోయినా నీ మీద హత్య కేసు నిలబడదు. ఇంటికి వెళ్ళొచ్చు. కానీ ఆయన మీదా నిలబడదు. విప్పితే నీ ఉద్యోగం పోతుంది. ఇంకేం పోతుందో నీకే తెలుసు. లెక్క నీది."

వాడు అక్క వైపు చూశాడు. ఈసారి ఆమె కూడా చూసింది.

"చెప్పాను సార్. జ్వరంతో సెలవులో ఉన్నాను. ఎవరో ఫిట్టర్ పని ముగించి గుర్తు తీయకుండా ఇంటికెళ్ళిపోయాడు. మిషన్ ఆగిపోయింది. ఈయన ఫోన్ చేసి, పాస్‌వర్డ్ చెప్పు, నువ్వు నొక్కు, నేను తీసేస్తానన్నాడు. చెప్పాను. పాస్‌వర్డ్ పంపిన మెసేజ్ ఇంకా ఫోన్‌లోనే ఉంది."

సూపర్‌వైజర్ బల్ల వైపు చూస్తూ మాట్లాడాడు.

"లోపల మనిషి ఉన్నాడనుకోలేదు. ఎప్పుడూ గుర్తు మరిచిపోయి వెళ్ళిపోతుంటారు. ప్రతిసారీ ఎవరినో వెతకాలి, బతిమాలాలి. పావుగంట పోతుంది. పైనుంచి తిట్లు."

"పైకెళ్ళి చూడ్డానికి ఎన్ని మెట్లు?"

"ఇరవై రెండు."

పదకొండు సార్లు ఆ మెట్లు ఎక్కకపోవడం గిట్టుబాటైంది. అతను అదే ధరకి పన్నెండోసారీ బేరం కుదుర్చుకున్నాడు. కానిస్టేబుల్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

హాల్లో అక్కా తమ్ముడూ మిగిలారు. ఇన్‌స్పెక్టర్ కాగితాలు సర్దుకుంటున్నాడు.

"వాడికి చెప్పి ఎన్నాళ్ళయిందిరా?"

"మూడు నెలలు అక్కా. జ్వరం తగ్గాక మార్చాలనుకున్నాను."

"మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"





"ఒక నిమిషం."

ఆమె లేచింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. వాడూ లేచాడు.

తలుపు దగ్గర ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఇంటికెళ్ళి అమ్మ దగ్గర కూర్చో. ఏమన్నా తిన్నదేమో చూడు. మీ బావ దగ్గరికి మాత్రం రాకు."