గొడుగు సందు

"చక్రం నేను తోస్తాను, మీరు రాసుకోండి."

"చక్రం నాకిచ్చారండీ. రాసుకోవాల్సింది మీరే."

మా పరిచయం ఈ గొడవతో మొదలైంది. ఐదేళ్ల కిందట, మ్యాపుల ఆఫీసు మెట్ల మీద, ఇద్దరి మధ్యా ఒక కొలత చక్రం. పొడుగాటి కర్ర చివర చిన్న సైకిలు చక్రం ఉంటుంది. వీధి వెంట తోసుకుంటూ పోతే మీటరుకోసారి టిక్కుమంటుంది, అంతే దాని గొప్పతనం. అయినా చిన్నపిల్లల్లా చెరోవైపూ పట్టుకుని లాగాం. తనే గెలిచింది. ఆ తర్వాత ఏడాదంతా ఏ విషయంలోనైనా తనే గెలిచింది.

నేను గీసేవాణ్ని, తను సరిచూసేది. ఎవరి డ్రాయింగైనా సరే, ఎర్ర గీత పడకుండా తన టేబుల్ దాటేది కాదు. అందుకే ఆఫీసంతా తనని ఎర్ర పెన్సిల్ అనేవాళ్లు. నాకైతే మొదటి రోజే తను పేరు పెట్టేసింది.

"అబ్బ, ఎంతసేపండీ! నత్త కూడా ఈపాటికి వీధి చివరికి వెళ్లిపోయేది."

సాయంత్రానికల్లా నేను అందరికీ నత్తనైపోయాను. మీరు పోయి నువ్వు రావడానికి ఇంకో నెల పట్టింది.

ఇదంతా ఈ ఉదయం గుర్తు రావడానికి కారణం ఒక లాడ్జి గోడ. పని మీద వేరే ఊరికి పోతూ, రైలు మారడానికి ఇక్కడ దిగాను. నాలుగేళ్లుగా ఈ ఊరి మీదుగా పోయే రైళ్లను తప్పించుకు తిరిగినవాణ్ని, ఈసారి కుదరలేదు. తర్వాతి రైలు ఒంటిగంటన్నరకి. స్నానం చేసి కిందికొచ్చి, కాఫీ కప్పుతో నిలబడి తలెత్తితే ఎదురుగా ఫ్రేము కట్టిన మ్యాపు. షీటు పదకొండు. నేను గీసిందే. ఈ ఊళ్లో నేను గీసిన ఆఖరి షీటు.

దాన్ని అచ్చులో చూడటం అదే మొదటిసారి. చూసి కాఫీ తాగడం మర్చిపోయాను.

మ్యాపుల పనిలో ఒక ఆచారం ఉంది. ప్రతి షీటులోనూ ఎక్కడో ఒకచోట లేని సందు ఒకటి గీస్తాం. దాన్ని ఆఫీసులో దొంగ సందు అనేవాళ్లం. ఎవరైనా మా మ్యాపు కాపీ కొడితే ఆ సందు వాళ్లని పట్టిస్తుంది. జనం దారి తప్పకూడదు కాబట్టి అది ఎటూ పోకుండా గోడకు తగిలి ఆగిపోవాలి. షీటుకు ఒక్కటే ఉండాలి. ఎక్కడ గీయాలో, ఏం పేరు పెట్టాలో గీసేవాడి ఇష్టం.

షీటు పదకొండులో నేను నీలం గేటు పక్కన గీశాను. గొడుగు సందు అని పేరు పెట్టాను.

ఎందుకంటే ఆ గేటు దగ్గరే ఒకరోజు వాన ముంచుకొచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు, అదీ తనది, అందులోనూ ఒక ఊచ విరిగింది. విరిగిన వైపు నేను నిలబడ్డాను. సగం తడిశాను, మిగతా సగం ఎలా ఉందో నాకు తెలీనే తెలీదు.

"ఈ గేటు పక్కన ఒక సందు ఉండుంటే రెండు నిమిషాల్లో మా ఇంటికి పోయేవాళ్లం," అంది తను.

"లేకపోవడమే బాగుంది," అన్నాను.

తను నా వైపు చూసింది. వెంటనే చక్రం వైపు చూసింది. ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు, తను మాట్లాడకపోవడం ఆ ఏడాదిలో అదొక్కసారే.

నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే సందు గీసి, షీటు తన టేబుల్ మీద పెట్టాను. చూస్తే అర్థమవుతుందిలే అనుకున్నాను. ఆ వారమే నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. వెళ్లే రోజు, సరిచూశాను అని తను సంతకం పెట్టింది మాత్రం రిజిస్టర్లో కనిపించింది. ఒక్క మాటా లేదు, ఒక్క ప్రశ్నా లేదు. జవాబు నాకు అర్థమైపోయింది అనుకుని రైలెక్కాను. తర్వాత పోస్టులో మ్యాపు చుట్ట వచ్చింది. విప్పలేదు. మూడు ఇళ్లు మారాను, చుట్ట కూడా నాతో మారింది.

ఇప్పుడు లాడ్జి గోడ మీద చూస్తే, నా గొడుగు సందు గోడ దగ్గర ఆగలేదు. గోడ దాటి, వెనక వీధి దాటి, పార్కు అంచు మీదుగా తిరిగి, ఒక ఇంటి ముందు ఆగింది. అచ్చువాళ్లు ఎర్ర పెన్సిల్ గీతను ఎలా ఉంటే అలా వేస్తారు. ఆ గీత నాది కాదు.

ఆ ఇల్లు ఎవరిదో నాకు బాగా తెలుసు. దాని ముందు కొలిచిన రోజు, "లోపలికి రమ్మనను. మా అమ్మ ప్రశ్నలతో చంపేస్తుంది," అని నన్ను గేటు బయటే నిలబెట్టింది.

నాలుగేళ్ల కిందట రమ్మంటే, నాకు ఈ ఉదయం తెలిసింది.

బ్యాగు లాడ్జిలోనే వదిలేసి బయల్దేరాను. పరుగెత్తాలని ఉంది, కాళ్లు మాత్రం మామూలు నడకే నడిచాయి. ఆదివారం ఉదయం కాబట్టి వీధులు కూడా తీరిగ్గానే ఉన్నాయి. ఒక బాల్కనీలో ఎవరో దుప్పటి దులుపుతున్నారు. ఒక కిటికీలోంచి రేడియో, పక్క కిటికీలోంచి కుక్కరు విజిల్. గోడ మీది పిల్లి నన్ను చూసి కూడా కదల్లేదు. ప్రతి మలుపూ నాకు మీటర్లతో సహా గుర్తుంది. ఇక్కడ తను చెప్పు తెగి నా భుజం పట్టుకుంది, నలభై రెండు మీటర్లు. ఇక్కడ అలిగి, వీధి చివరిదాకా తిట్టింది, నూట పది.

నీలం గేటుకు ఇప్పుడు ఆకుపచ్చ రంగు వేశారు. కొంచెం కోపమొచ్చింది. నన్నడగకుండా వేశారని.

మలుపులో మేడ మెట్ల కింద టైలర్ కొట్టు అప్పుడే తెరుస్తున్నారు. టైలర్ గారు కళ్లజోడు పైకి తోసి నన్ను ఎగాదిగా చూశారు.

"నువ్వు చక్రం బాబువి కదూ? టిక్కుటిక్కుమంటూ నా ప్రాణం తీసేవాళ్లు."

"చక్రం తోసింది నేను కాదండీ, ఆవిడ."

"నువ్వు వెనకాల నడిచేవాడివిలే. వీధి చూడమని జీతమిస్తే, నువ్వు చూసిందేంటో మాకు తెలీదనుకున్నావా?"

నాకు చెవులు వేడెక్కాయి. మాట మార్చాను. "ఇక్కడ గొడుగు సందు ఎక్కడో తెలుసాండీ?"

"అదిగో, నువ్వూ మొదలెట్టావూ! వారానికొక కొరియర్ వాడొచ్చి అదే అడుగుతాడు. లేదురా నాయనా అంటే వినడు. ఆ పార్కు వెనకింటి అమ్మాయి మాత్రం, ఉందండీ, నడిచేవాళ్లు లేరు అంటుంది." ఆయన మెషీను మీద కప్పిన గుడ్డ తీశారు. కింద జరీ అంచు బట్ట తళుక్కుమంది. "ఇదీ వాళ్లదే. వాళ్లింట్లో వచ్చే నెల పెళ్లి. అమ్మాయే వచ్చి కొలతలు దగ్గరుండి రాయించింది. పని అంటే దాందే!"

ఎవరి పెళ్లి అని అడగాలని కూడా తోచలేదు. అడగడానికేముంది? నాలుగేళ్లంటే తక్కువా? ఎవరైనా ఎంతకాలం గేటు వైపు చూస్తూ కూర్చుంటారు?

పార్కు బెంచీ మీద కూర్చున్నాను. వెనక్కి తిరిగితే లాడ్జి, బ్యాగు, రైలు. ముందుకెళితే మూడు ఇళ్లు. అప్పుడు కూడా ఇలాగే అన్నీ నేనే అనుకుని రైలెక్కాను కదా అనిపించింది. కాదన్నా సరే, ఈసారి తన నోటితో విని పోదామని లేచాను.

గేటు దగ్గర ఒక పెద్దావిడ పైపుతో మొక్కలకు నీళ్లు పడుతున్నారు. తన తల్లే అని కనుబొమలు చూడగానే తెలిసింది.

"ఎవరు కావాలి?"

"నేను... ఇదివరకు మ్యాపుల ఆఫీసులో... షీటు పదకొండు..."

ఆవిడ పైపు అలాగే పట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. నీళ్లు నా బూట్ల మీద పడుతున్నా పట్టించుకోలేదు.

"నత్తవా?"

తలూపాను.

"మూడు వీధులు రావడానికి నాలుగేళ్లా నాయనా?" అని, లోపలికి తిరిగి కేకేశారు. "అమ్మాయ్, నీ నత్త వచ్చింది!"

లోపల ఏదో కిందపడిన చప్పుడు. తర్వాత తను గుమ్మంలోకి వచ్చింది. జుట్టు ముడిలో ఎర్ర పెన్సిలు. మనిషేం మారలేదు. కళ్ల కింద కాస్త అలసట, అంతే. చూడగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఎప్పుడు చూశావు?" అంది. కుశలం లేదు, పలకరింపు లేదు.

"ఇవాళ పొద్దున."

"ఇవాళా! మరి నేను పోస్టులో పంపింది?"

"ఉంది. బీరువా వెనక."

"విప్పలేదా?"

"లేదు."

"మ్యాపులు గీసి బతికేవాడివి, ఒక్క మ్యాపు విప్పి చూడలేకపోయావా!"

"సంతకం ఒక్కటే పెట్టావని చూశాను. నీకిష్టం లేదనుకున్నాను."

"ఇష్టం లేకపోతే కొట్టేసేదాన్ని కదా! నచ్చనిది నేను ఎప్పుడైనా గీత పెట్టకుండా వదిలానా? ఏడాది పక్కనే నడిచావు, ఆ మాత్రం తెలీదా?"

తెలుసు. ఆ మాత్రం ఎవరికైనా తెలుసు. నాకే ఆ రోజు తట్టలేదు.

"ఫోన్ చేసి తిట్టొచ్చుగా," అన్నాను నెమ్మదిగా.

"నువ్వు గీసి అడిగావు, నేను గీసి చెప్పాను. మళ్లీ ఫోన్ కూడా నేనే చేయాలా? నువ్వు రాకపోతే, మనసు మారిందేమో అనుకున్నాను." గొంతు తగ్గింది. "రెండేళ్లు గేటు చప్పుడైతే చాలు, నేనే ముందు పరుగెత్తేదాన్ని. తర్వాత మానేశాను. అప్పట్నుంచి అమ్మ వెళ్తోంది."

ఉన్నదాంట్లో మర్యాదగా ఉంటుందని, "పెళ్లటగా. అభినందనలు," అన్నాను.

"నాకెందుకు? చెల్లి లోపలే ఉంది, దానికి చెప్పు."

కిటికీ పరదా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వాళ్లమ్మ పైపు కట్టేసి, "ఇంకా గేటు బయటే నిలబెడతావా వాణ్ని? ప్రశ్నలు నేను లోపల అడుగుతాను," అన్నారు.

ముందు గదిలో బల్ల మీద షీటు పదకొండు పరిచి ఉంది. అసలు డ్రాయింగు, నా చేతి గీతలతో. పక్కనే రెండు రబ్బర్లు, ఒకటి అరిగిపోయింది, ఒకటి కొత్తది.

"కొత్త మ్యాపు వేస్తున్నారు," అంది తను. "కొరియర్ల ఫిర్యాదులు ఎక్కువయ్యాయి, ఆ సందు తీసేయమన్నారు. సరిచూసే సంతకం నాదేగా. ఆఫీసులో చేతులు రాక ఇంటికి తెచ్చుకున్నాను. వారమైంది. రేపు ఇచ్చేయాలి."

"రేపా?"

"రేపు వచ్చుంటే, ఈ మ్యాపులో మా ఇంటికి దారి ఉండేది కాదు."

ఒక్కరోజు. నేను రైలు మారాల్సింది వేరే స్టేషనులో అయినా, లాడ్జి గోడ మీద ఇంకేదైనా బొమ్మ ఉన్నా, అంతే సంగతులు.

"తీసేయొద్దు," అన్నాను.

"ఎందుకు? మళ్లీ దారి మర్చిపోతావా?"

"చచ్చినా మర్చిపోను."

"అయితే ఇంక దీంతో పనేముంది?" కొత్త రబ్బరు నా చేతిలో పెట్టింది. "నీ సగం నువ్వు చెరుపు. నా సగం నేను."

నేను నీలం గేటు దగ్గర మొదలుపెట్టాను. తను వాళ్లింటి ముందు మొదలుపెట్టింది. కాగితం చిరగకుండా చెరపాలంటే చిన్నచిన్నగా రుద్దాలి. గొడుగు అన్న అక్షరాల దగ్గర నా చెయ్యి ఆగింది. వాన వాసన గుర్తొచ్చింది, విరిగిన ఊచ గుర్తొచ్చింది. ఊదేసి ముందుకు జరిగాను. తను అప్పటికే పార్కు దాటి, వెనక వీధి దాటి, గోడ దగ్గరికి వచ్చేసి ఆగింది.

"రైలెన్నింటికి?" అంది తలెత్తకుండా.

"ఒంటిగంటన్నరకి."

"నీ నడకకి అందదు."

"అందదు," ఒప్పుకున్నాను.

వంటింట్లోంచి వాళ్లమ్మ, "భోజనానికి నలుగురం," అని చెల్లికి చెప్తున్నారు. పరదా వెనక నవ్వు మళ్లీ వినిపించింది.

మా ఇద్దరి మధ్యా ఇంకా వేలెడు గీత మిగిలింది. తను రబ్బరు గోడ దగ్గరే ఉంచి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది.

"త్వరగా రా, నత్తా."

"వస్తున్నా," అన్నాను. జీవితంలో మొదటిసారి, తొందరగానే వెళ్లాను.