వెనక గది మూత

ముప్పై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేశాను. మా ఊళ్ళో సగం మంది నవ్వు నా చేతి పనే. మిగతా సగానికి ఇంకా పళ్ళు ఊడలేదు, అంతే తేడా! అలాంటి చెయ్యి ఖాళీగా ఊరుకుంటుందా? పని మానేశాక ప్లాస్టిక్ బొమ్మల కిట్లు తెచ్చి అతికించడం మొదలుపెట్టాను. విమానాలయ్యాయి, ఓడలయ్యాయి. పోయిన నెల మా మరదలు, అంటే తమ్ముడి భార్య, ఒక డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇది చెయ్యండి బావగారూ."

జలాంతర్గామి. మా తమ్ముడు పనిచేసిన రకమే. ఎనిమిదేళ్ళ కిందట వాడి పడవ వాడితో సహా మునిగింది, మళ్ళీ తేలలేదు. వాడి చెప్పు కూడా ఇంటికి రాలేదు. "అంతా ఒక్క క్షణంలో జరిగిపోయింది, ఎవరూ బాధపడలేదు" అని నేవీ ఆఫీసువాళ్ళు ఉత్తరం రాశారు. ఆ 'క్షణం' అన్న మాట పట్టుకునే ఆవిడ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది. అయినా ఉండుండి అడుగుతుంది, "క్షణమే కదా బావగారూ?" అని. "క్షణమేనమ్మా" అంటాను. నాకేం తెలుసు పాపం.

ఇక ఆ కిట్టు సంగతి. దాన్ని చేసినవాడు జలాంతర్గామిని చూశాడో లేదో గానీ సొరకాయను మాత్రం శ్రద్ధగా చూశాడు. పైనుండే గోపురం వేలెడు ముందుకు జరిగింది. పక్కన నీళ్ళు పోయే కన్నాలు మా వాడు చెప్పిన లెక్కకి పదకొండు ఉండాల్సింది పద్నాలుగున్నాయి. అన్నిటికంటే ఘోరం, వెనక గదిలోంచి మనిషి పైకి రావడానికుండే మూత అసలు లేనేలేదు. మా వాడు మరికొందరితో కలిసి పనిచేసింది ఆ గదిలోనే.

తప్పులన్నీ ఒక కాగితం మీద రాసి పైన 'లోపాలు' అని పెట్టాను. ఎక్కువైన కన్నాలు చిగుళ్ళకు వాడే గులాబీ రంగు పిండితో పూడ్చాను. చూసి మరదలు ఎన్నాళ్ళకో నవ్వింది.

"దీనికి చిగుళ్ళొచ్చాయి బావగారూ, రేపోమాపో పళ్ళు కూడా వస్తాయి."

"వస్తే తోముకోమందాం."

కాగితం చదివి నవ్వు ఆపేసింది. "లోపాలు సరే, లోపల ఎలా ఉంటుంది?"

"లోపల ఏముంటుందమ్మా, ఉత్త డొల్ల."

ఆ వెనక మూత ఎక్కడుండేదో తెలుసుకోవడానికి మాకున్న ఆధారం ఒకే ఒక్క ఫొటో. పడవ మీద నిలబడి నవ్వుతున్నాడు మా వాడు. ఫొటో వెనకాల వాడి చేతిరాత, "నా గది మూత మీద నేను." మూత కనబడదు, వాడి కాళ్ళే కనబడతాయి. సరే, కాళ్ళున్నచోటే అనుకున్నాను.

పైభాగం, కిందిభాగం కలిపి అతికించిన మర్నాడు మధ్యాహ్నం. వాన. కరెంటు పోయింది. పట్టపగలే గదంతా చీకటైపోయింది. తడిసిన గోడల వాసన, జిగురు వాసన. వాటి మధ్య ఇంకోటి... తుప్పు పట్టిన ఇనుములాంటి వాసన. మరదలు కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగుతోంది.

టక్.

టక్ టక్.

"జిగురు ఆరుతుంటే ప్లాస్టిక్ అలా చప్పుడు చేస్తుందిలే" అన్నాను.

టక్. టక్ టక్.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. లేచొచ్చి పడవ మీద చెవి ఆనించింది.

"ఆయనే..." అంది. "స్నానాల గది గడియ పడిపోతే ఇలాగే కొట్టేవారు."

నేను కూడా చెవి పెట్టాను. చల్లగా ఉంది, ఐసుగడ్డలా. చప్పుడు వెనక గది నుంచే.

"తియ్యండి బావగారూ."

"మూత ఇంకా కొయ్యలేదమ్మా..."

"కొయ్యండి!"

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. ముప్పై ఏళ్ళ అలవాటు, వెంట్రుకంత తేడా వచ్చినా పన్ను నోట్లో కూర్చోదు. డ్రిల్లు తీశాను. దానికంటే ముందు స్కేలు తీశాను. ఫొటో చూశాను. పెన్సిలుతో గుర్తు పెట్టాను. సరిగ్గా రాలేదు, చెరిపాను. మళ్ళీ పెట్టాను.

టక్... టక్...

"బావగారూ..."

"ఒక్క నిమిషం. కొలత చూసుకోనీ."

టక్.

గుండ్రం గీశాను, మిరియపు గింజంత. చేత్తో తిప్పే డ్రిల్లు. మెల్లిగా తిప్పాను. పొట్టు రాలుతోంది... ఇంకొంచెం... ఇంకొంచెం...

టక్.

తర్వాత లేదు.

దిగింది డ్రిల్లు. కన్నంలోంచి నీళ్ళొచ్చాయి. ఒక చెంచాడు ఉంటాయేమో. నల్లగా, నూనె కంపుతో. ముందురోజే నా చేత్తో తుడిచి, ఆరబెట్టి, అతికించిన పడవ అది.

మరదలు ఆ కన్నం మీద వేలు పెట్టింది. వాన తగ్గింది. కరెంటు కూడా వచ్చింది.

"క్షణం కాదు కదా బావగారూ" అంది.

ఆవిడ కొంగుతో బల్ల తుడిచి, కాఫీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. అప్పట్నుంచి మళ్ళీ 'క్షణమే కదా' అని అడగలేదు. అడిగితే బాగుండునని ఉంటుంది నాకు.

ఆమె వెళ్ళాక రంపం పెట్టి పడవను రెండుగా కోశాను. లోపల చుక్క తడి లేదు. పళ్ళు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని పైకప్పు లోపలి వైపు వెతికాను. నా కన్నం కనబడింది. దానికి వెనగ్గా, బొటనవేలి గోరంత దూరంలో, పెన్సిలుతో గీసిన గుండ్రం ఒకటుంది. చక్కటి గుండ్రం, నా గీతకంటే బాగుంది. పక్కన చీమ తలకాయలంత అక్షరాలు, ఫొటో వెనకున్న రాతే.

"ఇక్కడ, అన్నయ్యా."

గోరంత దూరం. అసలు పడవలో అయితే దాదాపు అయిదడుగులు.

మరదలికి చెప్పలేదు. ఆ గుండ్రం ఉన్నచోట కూడా కన్నం చేసి బల్ల మీద అలాగే వదిలేశాను. తెల్లారి భూతద్దంతో చూస్తే దానికింకా వెనగ్గా మరో గుండ్రం ఉంది. దాని పక్కన కూడా 'ఇక్కడ' అనే ఉంది. ఈ రాత మాత్రం మా వాడిది కాదు.