కచ్చా కుట్టు

ఇంతవరకూ పైకి అనని మాట ఒకటుంది. ఆ రోజు ఆ దారం కొసని నా స్నేహితురాలి చేతిలో పెట్టింది నేనే. పొరపాటున కాదు. తెలిసే పెట్టాను.

"నేనేం తప్పు చేశానే, ఈ పీడ నన్నే పట్టుకుంది?" అని మూడు వారాలుగా అడుగుతోంది బొంగరం. "ఏమోనే" అంటున్నాను. ఆ ఒక్క మాట చాటునే దాక్కుంటున్నాను.

మేమిద్దరం ఒకే కుట్టు దుకాణంలో పనిచేస్తాం. ఒక్కచోట కుదురుగా ఉంటే ఒట్టు, అందుకే అది బొంగరం. మిషన్ మీద కూర్చున్నా కాలు ఆడుతుంది, నోరూ ఆడుతుంది. నాది చేతిపని, కాజాలూ గుండీలూ. బడి మొహం పెద్దగా చూడకుండా పాత పత్రికలు ముందేసుకుని చదువు నేర్చుకున్నానని నన్ను పంతులమ్మా అంటుంది.

మహానగరంలోని ఒక నాటక కంపెనీ మా దగ్గర కోట్లు కుట్టించుకుంది. పని నచ్చి రెండు పాసులు పంపారు. దుకాణం నడిపే మాస్టారు వాటిని మా ముందు పడేసి, "వెళ్ళి మీ కుట్లు మీరే చూసుకోండి. ఎక్కడైనా ఊడితే అక్కడే తల దించుకోండి" అన్నారు.

పొద్దున బస్సు ఎక్కాం. మధ్యాహ్నం ఆట.

"నిద్రపోయావంటే గిల్లుతాను" అన్నాను.

"నా కోట్లు స్టేజీ మీద నడుస్తుంటే నిద్రేంటే? నీ గుండీ ఒక్కటి ఊడి పడనీ, నువ్వెవరో నాకు తెలీదంటాను."

అదో పాత హాలు. బయట ఎండ కళ్ళలో పొడుస్తుంటే లోపల మాత్రం గాలికి కూడా వయసు మీద పడ్డట్టుంది. దుమ్ము పట్టిన పరదాల వాసన. దాని అడుగున ఇంకోటి... ఇస్త్రీపెట్టె కింద మాడిన ఉన్ని వాసన. మా దుకాణం గుర్తొచ్చి నవ్వుకున్నాను. మా సీట్లు మూడో వరసలో గోడ వైపు. గోడనానుకుని ఉన్న సీటు ఖాళీ. దాని పక్కన నేను, నా పక్కన బొంగరం.

దీపాలారాయి. తెర లేచింది. మా కోట్లు ఒక్కొక్కటే నడిచొచ్చాయి.

"అదిగో, ఆ కాలరు నాదే!"

"కాలరు నీదే, మెడ ఆయనది. అరవకు."

కాసేపటికి నా మోచేతికి బట్ట తగిలింది. గోడ వైపు నుంచి. ఎవరో ఆలస్యంగా వచ్చి కూర్చున్నారనుకున్నాను. రావాలంటే మా ఇద్దరి మోకాళ్ళూ దాటుకునే రావాలని అప్పుడు తట్టలేదు.

స్టేజీ వెలుగు ఆ చేతి మీద పడింది. ముతక ఉన్ని కోటు. అంచు వెంబడి పెద్ద పెద్ద తెల్ల కుట్లు. కచ్చా కుట్టు. బట్ట జరగకుండా ముందు వదులుగా వేస్తాం, అసలు కుట్టు పడ్డాక లాగి పారేస్తాం. అది తియ్యకుండా ఎవరైనా తొడుక్కుని తిరిగితే కుట్టేవాళ్ళకి కంట్లో నలుసే. చేతులు ఊరుకోవు. బస్సులో ముందు సీటాయన కాలరుకి వేలాడే దారం తెంపి చీవాట్లు తిన్నదాన్ని నేను.

కొస పట్టుకుని మెల్లగా లాగాను.

వచ్చింది. జానెడు. మూరెడు. ఒక చేతి అంచులో అంతకన్నా దారం ఉండదు. బారెడు వచ్చింది. వేలికి చుట్టుకుంటూ పోయాను... వస్తూనే ఉంది. చల్లగా. పోనుపోను తడిగా.

చెయ్యి ఆపాను.

దారం ఆగలేదు.

ఈసారి అటునుంచి లాగుతున్నారు. మెల్లగా... నేను లాగినంత ఓపికగా.

తల తిప్పాను. కోటు ఉంది. భుజాలున్నాయి. లోపల మెడ ఉన్నట్టే కాలరు నిటారుగా నిలబడి ఉంది. మెడ లేదు. కాలరు పైన ఉత్త గోడ.

ఆ కాలరు నెమ్మదిగా నావైపు తిరిగింది.

నేను పిరికిదాన్ని కాను. మా వీధి కుక్కలకి నేనంటే హడలు. కానీ ఆ క్షణాన నాకు తోచింది ఒక్కటే. ఇది నా చేతిలో ఉండకూడదు. ఎవరి చేతిలోనైనా ఉండనీ, నా చేతిలో వద్దు.

"ఒసే... ముందాయన తల అడ్డం. ఇటు మారవే."

"పొట్టిదాన్ని వెంటేసుకొస్తే ఇదే గోల" అని గొణుగుతూ లేచి, నా సీట్లో కూర్చుంది.

వేలికున్న చుట్లు విప్పాను. "ఇది కాస్త పట్టుకో."

"ఏంటే ఇది?"

"దారమేలే."

పట్టుకుంది. నేను ఏమిచ్చినా చూడకుండా పట్టుకునే మనిషది.

"పంతులమ్మా... ఇంత చల్లగా ఉందేంటే..."

చేతులు ఒళ్ళో దాచుకున్నాను.

"ఒసే... లాగుతున్నారే..."

స్టేజీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఏం నాటకమో చెప్పమంటే చెప్పలేను.

తర్వాత బొంగరం మళ్ళీ మాట్లాడలేదు. కాలు ఆడించలేదు. కాలరు ఎవరిదో చెప్పలేదు.

విరామానికి దీపాలు వెలిగాయి. గోడ పక్క సీటు ఖాళీ. బొంగరం పిడికిలి బిగించుకుని నిటారుగా కూర్చుంది. రెప్ప కూడా వెయ్యట్లేదు.

టార్చి పట్టుకుని తిరిగే ముసలాయన మా వరసకి వచ్చాడు. "ఆ గోడ సీట్లో ఎవరండీ?" అన్నాను.

"అది ఎవరికీ ఇవ్వం తల్లీ. దానికి టిక్కెట్టే ఉండదు." అటు మాత్రం టార్చి వెయ్యలేదు. వంగి, గొంతు బాగా తగ్గించి అడిగాడు. "లేచి వెళ్ళిపోయారా... ఇంకా కూర్చునే ఉన్నారా?"

బొంగరం రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాను. ఎండలో నిలబెట్టి వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. లోపల ఏమీ లేదు. చూపుడువేలి చుట్టూ కోసుకుపోయిన ఎర్రగీత ఒక్కటే.

ఆ రోజు నుంచి బొంగరం ఏం కుట్టినా నిలవట్లేదు. సాయంత్రం కుట్టింది తెల్లారేసరికి విడిపోయి ముక్కలుగా పడి ఉంటోంది. దారం తెగదు, ముడి ఊడదు. అసలు దారమే కనిపించదు. మాస్టారు వారం ఓపిక పట్టారు, తర్వాత ఇంటికి పొమ్మన్నారు. ఈ సోమవారం దాని మిషన్ మీద ఇంకో పిల్లని కూర్చోబెడుతున్నారు. బొంగరం ఎవర్నీ ఏమీ అనట్లేదు. తనలోనే ఏదో లోపముందని నమ్మేసింది. నేను పక్కనే ఉండి నమ్మనిచ్చాను.

పొద్దున వాళ్ళమ్మ ఫోన్ చేసింది. గొంతులో సంతోషం.

"మీ బొంగరానికి నయమవుతోందే. మొన్నటిదాకా బయటికెళ్ళి వస్తే తలుపు తీసి పక్కకి జరిగేది. వెనక ఎవరో వస్తున్నట్టు కాసేపు ఆగి, అప్పుడు వేసేది. రెండ్రోజులుగా ఆగట్లేదు. వస్తూనే వేసేస్తోంది."

"మంచిదేగా పిన్నీ."

"మంచిదే. కానీ ఇప్పుడు నేనే ఆగుతున్నానే... తలుపు దగ్గర. ఎందుకో నాకే తెలీదు."

అప్పట్నుంచి నాకు భయం పోయింది. కోపం మిగిలింది. ముందు నా మీద, తర్వాత ఆ కోటు మీద.

ఏయ్, ఎవరైతేనేం, విను. కుట్టు విప్పింది నేను. మెడ లేని నీ కాలరు కేసి కళ్ళు తెరిచి చూసింది నేను. ఏమీ తెలియనిదాన్నీ, దాన్ని కన్నదాన్నీ పట్టుకుని వేలాడతావా? పేచీ ఉంటే నాతో పెట్టుకో. కాజాలు కుట్టి కుట్టి కాయలు కాచిన వేళ్ళివి, సూది గుచ్చినా దిగదు. శనివారం మధ్యాహ్నం ఆటకి వస్తాను. నా సీట్లో కాదు, నీ సీట్లోనే కూర్చుంటాను. ఎవరు ఎంతసేపు లాగుతారో చూద్దాం.

అంతకన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. నిజం విన్నాక బొంగరం నా మొహం చూడకపోవచ్చు. చూడకపోనీ. తప్పు తనది కాదని తెలిస్తే చాలు.

ఇప్పుడే ఫోన్ చేస్తాను. బొంగరం ఎత్తితే ఒక్కసారి చెప్తాను.

ఇంకెవరైనా ఎత్తితే, రెండుసార్లు చెప్తాను. ఒకటి బొంగరానికి, ఒకటి ఎత్తినవాళ్ళకి.