తోక మీద తెల్లచుక్క

"తల వంచండర్రా, పొట్టు ఎగురుతుంది!" అని అరిచింది కనకదుర్గ పెద్దమ్మ.

లాస్య వెంటనే వంచింది. వాళ్లన్నయ్య బాబీ వంచలేదు. చూస్తుండగానే వాడి జుట్టు మీద కొబ్బరి కోరు చల్లినట్టు చెక్క పొట్టు పడింది. కళ్లకి పెద్ద కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అవి లేకుండా పెద్దమ్మ ఎవరినీ గుమ్మం దాటనివ్వదు.

గుడివాడలో పెద్దమ్మ ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అందరి షెడ్లలో స్కూటర్లుంటాయి. పెద్దమ్మ షెడ్డులో లేత్ మెషిన్ ఉంటుంది. స్కూటరు పాపం వానలో తడుస్తుంది. పెద్దమ్మ పాలిటెక్నిక్ కాలేజీలో వర్క్‌షాప్ పాఠాలు చెప్పి రిటైరైంది. ఊరికే కూర్చుంటే ఒళ్లు బరువెక్కుతుందని ఆ మెషిన్ కొనుక్కుంది. గిర్రున తిరిగే చెక్కకి ఉలి ఆనించి పెన్నులు చేస్తుంది.

ఈవేళ తిరుగుతున్న పెన్ను వేదవతి టీచర్ కోసం.

వేదవతి టీచర్ లాస్య వాళ్ల ఐదో తరగతికి పాఠాలు చెబుతారు. ఆవిడకి ఘంటసాలకి ట్రాన్స్‌ఫర్ అయింది. రేపే ఆఖరి రోజు. మొన్నామధ్య క్లాసులో పాత నల్లబల్ల తీసేసి, టీవీలాంటి పెద్ద స్క్రీన్ పెట్టారు. నల్లబల్ల చుట్టూ ఉండే చెక్క చట్రం బడి పెరట్లో పడి ఉంది.

"టీచర్ ఇన్నేళ్లూ రాసిన బల్ల కదా, ఆ చెక్కతోనే పెన్ను చేయిద్దాం. మా పెద్దమ్మ చేస్తుంది" అంది లాస్య. క్లాసంతా చప్పట్లు కొట్టింది. తీరా చూస్తే చట్రమంతా చెదలు తినేశాయి. ఒక్క జానెడు ముక్క గట్టిగా మిగిలింది.

ఇప్పుడు మెషిన్ మీదున్నది ఆ ముక్కే. ఇంకోటి లేదు.

పెద్దమ్మ మెషిన్ ఆపి, ప్లగ్గు పీకేసి, పెన్నుని చేతిలోకి తీసుకుంది. నున్నగా, తేనె రంగులో మెరిసిపోతోంది.

"వెనకాల టోపీ పెట్టవా పెద్దమ్మా?" అన్నాడు బాబీ.

"టోపీ ఎందుకురా? మామూలు పెన్నుకి చెక్కని ఈ చివర నుంచి ఆ చివరకి తొలిచేస్తారు. అందుకని వెనకాల మూత కావాలి. మనది మూసిన తోక పెన్ను. ముందు నుంచి తొలుచుకుంటూ వెళ్లి, తోక దాకా రాకుండా ఆగిపోయాను. చూడు, ఎంత అందంగా ఉందో! వేలి కొసలాగా."

"లోపల ఇంకా ఎంత చెక్క ఉంది?" అంది లాస్య.

"తోక దగ్గర పెసరబద్దంత. అంతే."

ఇంతలో వీధిలోంచి "గ్యాసండీ!" అని కేక వినిపించింది. పెద్దమ్మ సన్నటి శాండ్ పేపర్ ముక్క లాస్య చేతిలో పెట్టింది. "దీంతో మెల్లగా నాలుగుసార్లు తుడువు, చాలు. పని అయిపోయింది. నీ చెయ్యి కూడా పడాలని ఇస్తున్నాను" అని గబగబా వెళ్లింది. బాబీ జామకాయ కోసుకోవడానికి పెరట్లోకి పరిగెత్తాడు.

ఇక్కడ లాస్య గురించి ఒక మాట చెప్పాలి. బంగారం లాంటి పిల్ల. కాకపోతే ఒక జబ్బుంది. ఆ జబ్బు పేరు 'ఇంకొంచెం'.

నెమలి బొమ్మ వేస్తే ఇంకొంచెం, ఇంకొంచెం అని రంగులద్దేది. చివరికి నెమలి తడిసిన కాకిలా తయారయ్యేది. ఒకసారి నిమ్మరసంలో ఇంకొంచెం, ఇంకొంచెం ఉప్పు వేసింది. వాళ్ల నాన్న ఒక గుటక వేసి, "ఆహా, బందరు సముద్రం ఎంత బావుందమ్మా!" అన్నాడు. ఇక క్లాసులో కథ చెప్పమంటే లంచ్ బెల్లు కొట్టినా ఆపదు. "ఆ తర్వాతేమైందంటే టీచర్..." అంటూనే ఉండేది. "మిగతాది రేపు విందాంలే తల్లీ, అన్నం చల్లారిపోతోంది" అనేవారు వేదవతి టీచర్.

అలాంటి లాస్య చేతికి పెద్దమ్మ శాండ్ పేపర్ ఇచ్చి వెళ్లిందన్నమాట!

లాస్య చెప్పినట్టే నాలుగుసార్లు తుడిచింది. పెన్ను తళతళలాడింది. అక్కడ ఆపేస్తే ఈ కథే ఉండేది కాదు.

తోక వైపు చూసింది. 'వేలి కొసలాగా బాగానే ఉంది. కానీ మల్లెమొగ్గలాగా సూదిగా ఉంటే? టీచర్ రోజూ మల్లెపూలు పెట్టుకుంటారు కదా! ఎంత సంతోషిస్తారో!' అనుకుంది.

సన్న పేపర్‌తో చెక్క తరగలేదు. డబ్బాలో గరుకు పేపర్ ఉంది. అది తీసింది. బరబరా రుద్దింది. నిజంగానే తోక కాస్త సూదిగా అయింది. 'భలే! ఇంకొంచెం' అనుకుంది. మళ్లీ రుద్దింది. చెయ్యి నొప్పి పుట్టింది. చెయ్యి మార్చుకుని ఇంకొంచెం రుద్దింది.

తోక కొసన ఒక నల్లచుక్క కనిపించింది. చీమ తలకాయంత ఉంది.

'అయ్యో, మరక!' అనుకుని తుడిచింది. మరక పోలేదు. గట్టిగా రుద్దింది. పోకపోగా పెద్దదైంది.

లాస్యకి అనుమానం వచ్చింది. పెన్ను ముందు వైపు కన్ను పెట్టి లోపలికి చూసింది. చీకటి గొట్టం చివర మిణుకుమంటూ వెలుగు కనిపించింది.

అది మరక కాదు. చిల్లు!

రేపు క్లాసుకి ఏం చెప్పాలి? టీచర్‌కి ఏం ఇవ్వాలి? ఇంకో ముక్క కూడా లేదే! అప్పుడే గుమ్మంలో పెద్దమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది. లాస్య పెన్ను ఆవిడకి ఇచ్చేసి చేతులు వెనక్కి కట్టుకుంది.

పెద్దమ్మకి ఒక అలవాటుంది. రీఫిల్ పెట్టే ముందు పెన్ను లోపలికి గట్టిగా ఊదుతుంది. తోక మూసి ఉంటుంది కాబట్టి లోపలి పొడి తిరిగొచ్చి ఊదినవాళ్ల మొహానే కొడుతుంది. అందుకని కళ్లు గట్టిగా మూసుకుని మరీ ఊదుతుంది.

ఈసారీ కళ్లు మూసుకుని ఊదింది.

"కుయ్య్!"

పెన్ను ఈల వేసింది. పొడి వెనక్కి రాలేదు. తోకలోంచి తుస్సుమని బయటికొచ్చి, అప్పుడే పెరట్లోంచి వచ్చి ఎదురుగా జామకాయ కొరుకుతున్న బాబీ ముక్కు మీద పడింది.

"హాఛ్! ఒసేయ్ లాస్యా, టీచర్‌కి పెన్ను ఇస్తానని పీపీ చేశావేంటే!" అని బాబీ పొట్ట పట్టుకుని నవ్వాడు. పెద్దమ్మకీ నవ్వాగలేదు. లాస్య కూడా నవ్వబోయి, భోరుమని ఏడ్చేసింది.

"నేనే పెద్దమ్మా. మల్లెమొగ్గలాగా చేద్దామని గరుకు పేపర్ తీశాను."

"నేనిచ్చిన పేపర్‌తో తుడిచావా?"

"తుడిచాను. చాలా బావొచ్చింది."

"మరి?"

లాస్య ముక్కు ఎగబీల్చింది. "ఇంకొంచెం బావుంటుందనీ..."

పెద్దమ్మ తిట్టలేదు. చీర కొంగుతో లాస్య ముక్కు తుడిచి, పెన్నుని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "చిల్లు చిన్నదే. ఏదైనా పొడి కూరి, సూపర్ గ్లూ వేస్తే రాయిలా గట్టిపడుతుంది. కానీ ఎంత కూరినా మచ్చ మాత్రం కనబడుతుంది. మరి ఏ పొడి కూరదాం?"

లాస్య చుట్టూ చూసింది. నేల నిండా చెక్క పొట్టు ఉంది. బాబీ చేతులు మాత్రం తెల్లగా ఉన్నాయి. పొద్దున్నే గోడ మీద క్రికెట్ వికెట్లు గీశాడు వాడు. వేదవతి టీచర్ చేతులు కూడా రోజూ అలాగే ఉండేవి. ఆ చేతులతో బుగ్గ గిల్లితే బుగ్గ మీద తెల్ల ముద్ర పడేది.

"అన్నయ్యా, జేబులో చాక్‌పీస్ ఉందా?"

"ఉంది. ఇవ్వను. అది నా ఆఖరి వికెట్."

"ఇవ్వరా బాబూ, రేపు నీ బ్యాటింగ్‌కి నేనే బంతులు వేస్తాను!"

బాబీ జేబులోంచి అరిగిపోయిన చాక్‌పీస్ తీశాడు. లాస్య దాన్ని నలిపి మెత్తటి పొడి చేసింది. పెద్దమ్మ ఆ పొడిని చిల్లులో కూరి, సూపర్ గ్లూ చుక్క వేసింది. ఆ గ్లూని మాత్రం పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. కాసేపటికి తోక మీద తెల్లటి బొడిపె గట్టిపడింది.

"ఇక దీన్ని నున్నగా చెయ్యాలి. పట్టు" అని సన్న పేపర్ చాచింది పెద్దమ్మ.

లాస్య రెండడుగులు వెనక్కి వేసింది. "నాకొద్దు. నువ్వే చెయ్యి. నేను మళ్లీ పాడుచేస్తాను."

"నీ పెన్నే కదే. నువ్వే చెయ్యి. నేను నోరెత్తను."

లాస్య కూర్చుంది. మెల్లగా రుద్దింది. ఆపింది. వేలు పెట్టి చూసింది, ఇంకా ఎత్తుగా తగిలింది. మళ్లీ రుద్దింది. మళ్లీ వేలు పెట్టింది. బొడిపె తగ్గుతోంది. బాబీ ఏదో అనబోతే పెద్దమ్మ వాడి నోట్లో జామకాయ ముక్క కుక్కింది.

ఈసారి వేలికి ఏమీ తగల్లేదు. చెక్క ఎక్కడ అయిపోయిందో, చుక్క ఎక్కడ మొదలైందో తెలియనంత నున్నగా ఉంది. తేనె రంగు తోక మీద తెల్లటి చుక్క ముద్దొస్తోంది.

'ఇంకొం...' అంది లాస్య మనసు.

లాస్య గబుక్కున శాండ్ పేపర్ మడిచి, తన కింద పెట్టుకుని, దాని మీదే కూర్చుంది!

"అయిపోయింది పెద్దమ్మా. రీఫిల్ పెట్టెయ్యి" అంది.

పెద్దమ్మ ముందు కళ్లు మూసుకుని ఊదింది. పొడంతా తిరిగొచ్చి ఆవిడ మొహాన కొట్టింది. మొహం తుడుచుకుంటూ, "ఆహా, ఇదీ మూసిన తోకంటే!" అని పకపకా నవ్వింది.

మర్నాడు క్లాసులో వేదవతి టీచర్ పెన్ను అందుకున్నారు. అది నల్లబల్ల చెక్క అని పిల్లలు చెప్పగానే దాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నిమిరారు. తర్వాత తిప్పి చూశారు.

"మరి తోక మీద ఈ తెల్లచుక్క ఏంటర్రా?"

అందరూ లాస్య వైపు తిరిగారు. లంచ్ బెల్లుకి కాస్తే టైముంది. వెనక బెంచీ మహేష్, "అయిపోయాం! ఇవాళ అన్నం లేదు" అని గొణిగాడు.

లాస్య లేచి నిలబడింది. కథంతా నాలుక చివర ఉంది. గ్యాస్ బండి, మల్లెమొగ్గ, పీపీ, బాబీ తుమ్ము, అన్నీ వరసలో నిలబడి తోసుకుంటున్నాయి.

"చాక్‌పీస్ టీచర్. నేను ఇంకొంచెం, ఇంకొంచెం అని రుద్దితే చిల్లు పడింది. దాంతో పూడ్చాం."

"ఆ తర్వాతేమైంది?" అని టీచరే అడిగారు.

"ఆ తర్వాత ఆపేశాను టీచర్" అని లాస్య కూర్చుంది.