అంతయ్య కోసం సైదమ్మ

ఏడు గంటలకల్లా సైదమ్మ తల దువ్వుకుని, నెరిసిన జుట్టును రెండు జడలుగా అల్లుకుని, గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పాలప్యాకెట్లు తెస్తున్న భర్త బక్కయ్య ఆ జడలు చూసి ఆగిపోయాడు. యాభై ఏళ్ల కాపురంలో ఆయన చూసింది కొప్పే. జడలు పెళ్లికి ముందు సంగతి.

"ఈడ కూసున్నవేంది సైదమ్మా? లోపటికి రా, చాయ్ తాగుదాం."

"మా అన్న ఒస్తడు పెద్దయ్యా. పొద్దుగాల ఏం తినకుండనే పోయిండు," అంది ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

వారం రోజులుగా ఆమె ఆయనను పెద్దయ్యా అనే పిలుస్తోంది. బక్కయ్య పాలప్యాకెట్లతో లోపలికి వచ్చేశాడు.

సైదమ్మ అన్న అంతయ్య చనిపోయి యాభై మూడేళ్లయింది. అరవై తొమ్మిది ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నాటి మాట. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే అన్నీ చేన్లే. చౌటుప్పల్ దగ్గరి ఊరి నుంచి వచ్చిన అంతయ్య సైదాబాద్‌లో గది కిరాయికి తీసుకుని కాలేజీలో చదువుకునేవాడు. అన్నకు వండిపెట్టడానికి పదిహేడేళ్ల సైదమ్మ వచ్చింది. అదే ఊరి నుంచి వచ్చిన బక్కయ్య అంతయ్యకు ప్రాణస్నేహితుడు. ఒక ఉదయం ఇద్దరూ ఊరేగింపుకు వెళ్లారు. పోలీసు కాల్పులు జరిగాయి. బక్కయ్య ఒక్కడే తిరిగి వచ్చాడు.

రెండేళ్లకు సైదమ్మకూ బక్కయ్యకూ పెళ్లయింది. తర్వాత ఆయన బస్సు డ్రైవరయ్యాడు, చంపాపేట్‌లో ఈ చిన్న ఇల్లు కట్టాడు, రిటైరయ్యాడు. ఇన్నేళ్లలో అంతయ్య మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. గోడకు ఫొటో ఉండేది, పండక్కి దండ పడేది, అంతే.

లోపల కొడుకు లింగస్వామి ముందు రెండు కాగితాలు పరిచి ఉన్నాయి. నెల కిందట ఒక డాక్టరు రాసిన కాగితంలో డిమెన్షియా అని ఉంది. పది రోజుల కిందట స్కానింగ్ తీయించిన రామమోహనరావు డాక్టరు అల్జీమర్స్ అని రాశాడు.

"చూడు నాయినా, ఇద్దరు రెండు తీర్ల రాసిన్రు. ఎవలో ఒకలు తప్పు రాసిన్రు. డిమెన్షియా అంటే మతిమరుపు, మందులకు తగ్గుతది. గీ అల్జీమర్స్ అన్నదే పెద్ద రోగమంట. ఇంకో డాక్టర్‌కు చూపెడదాం."

"ఎంతమందికని చూపెడ్తవురా? ముసలితనం వస్తే మరుపు వస్తది. ఇడిసిపెట్టు."

"ఎట్ల ఇడిసిపెట్టాలె? నిన్న నన్ను ఎవలు బిడ్డా నువ్వు అని అడిగింది. కన్నకొడుకును!"

బక్కయ్య కిటికీలోంచి గేటు వైపు చూశాడు.

కోడలు ఇందిరాదేవి ఇడ్లీ పళ్లెం తీసుకుని గేటు దగ్గరికి వెళ్లింది. ఆమెది తెనాలి. ఇరవై ఏళ్ల కిందట ఆంధ్రా పిల్ల ఎందుకని చుట్టాలంతా మొహం తిప్పుకుంటే, "పిల్ల మంచిదైతే ఏ ఊరైతేంది" అని ఇంట్లోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది సైదమ్మే. అప్పటి నుంచి ఆ ఇద్దరి మధ్య అత్తాకోడళ్ల గొడవ ఒక్కటీ రాలేదు.

"అత్తయ్యా, ఒక్క ఇడ్లీ తినండి. మందు వేసుకోవాలిగా."

సైదమ్మ ఆ మాటతీరు విని ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. "నువ్వు ఆంధ్రోళ్ల పిల్లవు గదా. మా అన్నను యాడికి తోల్కపోయిన్రు? ఏం జేసిన్రు?"

"అత్తయ్యా, నేను ఇందిరనండీ."

"నాకొద్దు నీ తిండి. మా అన్నను సూపెట్టు." చెయ్యి విసిరింది. పళ్లెం పోయి గేటుకు తగిలింది.

ఇందిర వంగి ఇడ్లీ ముక్కలు ఏరుతోంది. ఆమె భుజాలు కదలడం చూసి లింగస్వామి బయటికి వచ్చాడు. నెల రోజులుగా పళ్ల బిగువున దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది.

"అమ్మా, ఇటు సూడు. అంతయ్య మామ రాడు. సచ్చిపోయిండు. అరవై తొమ్మిదిల తూటా తాకి సచ్చిపోయిండు. యాభై ఏండ్లాయె. ఈమె నీ కోడలు. నేను నీ కొడుకును. యాదికి తెచ్చుకో జర."

సైదమ్మ అతని ముఖంలోకి చూసింది. పెదవులు కదిలాయి. "అన్న సచ్చిపోయిండా?" అంది మెల్లగా. తర్వాత నేల మీదికి జారి, రెండు చేతులతో గుండె బాదుకుంటూ ఏడ్చింది. అలాంటి ఏడుపు ఇందిర ఎప్పుడూ వినలేదు. బక్కయ్య విన్నాడు, ఒక్కసారి, సైదాబాద్ గదిలో.

ఆయన గేటు దగ్గరికి వచ్చి కొడుకు మీద చెయ్యెత్తాడు. నలభై ఎనిమిదేళ్ల కొడుకు. చెయ్యి గాల్లోనే ఆగింది.

"నిజం చెప్పిన నాయినా. నిజం చెప్తెనే గదా యాదికొచ్చేది," అన్నాడు లింగస్వామి.

"నిజమే. కాని మీ అమ్మకు వాడు ఇయ్యాల సచ్చిపోయిండు. ఇప్పుడే. నీ నోటితోని."

అరగంటకు సైదమ్మ ఏడుపు ఆపింది. ఎందుకు ఏడ్చిందో మరిచిపోయింది. కానీ కన్నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి. చెంగుతో తుడుచుకుంటూ బక్కయ్యను అడిగింది. "నేనెందుకు ఏడుస్తున్న పెద్దయ్యా? మనోళ్లు ఎవలన్న పోయిన్రా?"

లింగస్వామి గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

ఆ రోజే తండ్రీకొడుకులు దిల్‌సుఖ్‌నగర్‌లో రామమోహనరావు డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఇందిర అత్తగారి దగ్గర ఉంటానంది. లింగస్వామి రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి అడిగాడు. "రెండిట్ల ఏది నిజం సార్?"

"రెండూ నిజమే," అన్నాడు డాక్టరు. బక్కయ్య వైపు తిరిగాడు. "మీరేం పనిచేసేవారు?"

"బస్సు డ్రైవర్ సార్. ముప్పై రెండేండ్లు."

"అయితే మీకు తేలిగ్గా చెప్పొచ్చు. బండి దారిలో ఆగిపోయింది. డిపోకు ఫోన్ చేసి ఏమంటారు?"

"బ్రేక్‌డౌన్ అంటం."

"ఎందుకు ఆగిందో ఆ మాటలో ఉందా?"

"లేదు. డీజిల్ అయిపోయి ఉండొచ్చు, బెల్ట్ తెగొచ్చు, ఇంజన్ సీజై మొత్తానికే బిగుసుకపోవచ్చు. చూస్తె గాని తెల్వదు."

"డిమెన్షియా అంటే ఆ బ్రేక్‌డౌన్ అన్నమాట. మరుపు, మాట తడబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం, రోజూ చేసుకునే పనులు చేసుకోలేకపోవడం, వీటన్నిటికీ కలిపి ఉన్న పేరు. దానికి కారణాలు చాలా ఉంటాయి. థైరాయిడ్ తేడా వల్లా, బీ పన్నెండు విటమిన్ తగ్గడం వల్లా కూడా మరుపు వస్తుంది. అలాంటివి మందులతో సర్దుకోవచ్చు. మెదడులో రక్తనాళాలు మూసుకుపోయి వచ్చేది ఇంకోటి. అమ్మగారికి అవన్నీ పరీక్షించాం, లేవు. స్కానింగూ, మరుపు మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చిన తీరూ చూస్తే, కారణం అల్జీమర్స్ అనే జబ్బు అనిపిస్తోంది. మొదటి డాక్టరు బండి ఆగిందన్నారు. ఎందుకు ఆగిందో నేను రాశాను."

బక్కయ్య రెండో కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "అంటే ఇంజనే సీజైంది."

"అవునండీ. కొన్నాళ్లు లక్షణాలను కొంచెం అదుపులో ఉంచే మందులున్నాయి. నయం చేసేవి ఇంకా లేవు."

లింగస్వామి కాగితాలు మడిచాడు. నెల రోజులుగా అతను చిన్నదనుకుని నమ్ముకున్న డిమెన్షియా అన్న మాట ఇంత పెద్దదని ఇప్పుడు తెలిసింది. "మామ అరవై తొమ్మిదిలనే పోయిన సంగతి చెప్తె యాదికి రాదా సార్?"

"ఈ జబ్బులో నిన్నటిది ముందు పోతుంది. పాతది చాలాకాలం ఉంటుంది. ఆవిడకు ఇది అరవై తొమ్మిదే. ఆయన పోయాడని మీరు చెప్పిన ప్రతిసారీ ఆయన కొత్తగా పోతాడు. దిద్దకండి. ఆయన గురించి అడగండి, చెప్పనివ్వండి."

బయటికొచ్చాక మెట్ల మీద బక్కయ్య ఆగాడు. "అడగమంటుండు. యాభై మూడేండ్ల సంది అడగలేకనే సస్తున్నరా. ఆ పొద్దు వాన్ని పిల్చింది నేను. నేను పోకపోతె వాడు బతుకుతుండె. అడిగితె మీ అమ్మ ఏమంటదో అని భయం."

లింగస్వామి తండ్రి మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

మరునాడు పొద్దున సైదమ్మ మళ్లీ గేటు దగ్గర కూర్చుంది. బక్కయ్య పక్కనే ఇంకో కుర్చీ వేసుకున్నాడు. లింగస్వామి, ఇందిర తలుపు వెనక నిలబడ్డారు.

"మీ అన్న ఎట్లుంటడు బిడ్డా?" అని అడిగాడు.

ఆమె ముఖం వెలిగింది. అన్న ఎత్తు చెప్పింది, చదువు చెప్పింది, చింతపులుసు అంటే ఎంత ఇష్టమో చెప్పింది. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించింది.

"ఎవలకు చెప్పకు పెద్దయ్యా. తప్పు నాది."

"నీదేం తప్పు?"

"అన్నకు రాత్రి నుంచి జెరం. పండుకున్నడు. బక్కయ్య అని ఆయన దోస్తు ఉన్నడు, పిల్వనీకి ఒచ్చిండు. జెరమని చూసి, పండనియ్యి, నేనొక్కన్నే పోత అని ఎనక్కి మర్లిండు. నేనే అన్నను లేపిన."

బక్కయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆ ఉదయం తాను గుమ్మం దాకా వెళ్లి వెనుదిరిగిన మాట నిజమే. కాసేపటికి అంతయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెనకాలే వచ్చాడు. తన పిలుపు విని లేచాడనే ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"ఎందుకు లేపినవ్?"

సైదమ్మ తల దించుకుంది. ముడతలు పడ్డ చెంపల మీద సిగ్గు పాకింది. "అన్న లేస్తె బక్కయ్య మల్ల ఒచ్చి ఇంకింత సేపు నిలబడ్తడు గదా. ఆయనను జర సూడొచ్చని. గంతే పెద్దయ్యా. ఇప్పుడు అన్నకేమన్న అయితె నా పాపమే గదా."

"నీ పాపం గాదు బిడ్డా," అన్నాడు బక్కయ్య. "ఎవ్వరి పాపం గాదు."

"బక్కయ్యకు చెప్పొద్దు మరి."

"చెప్ప."

ఆయన లేచి లోపలికి వచ్చాడు. కొడుకు భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. "ఇన్నేండ్లు ఒక్కతే మోసిందిరా. నేను పక్కనే ఉన్న, ఒక్కనాడు అడగకపోతి."

ఇందిర కళ్లు తుడుచుకుని పళ్లెంలో అన్నం, పప్పు వడ్డించింది. గేటు వైపు రెండడుగులు వేసి, నిన్నటిది గుర్తొచ్చి ఆగింది. లింగస్వామి పళ్లెం అందుకున్నాడు. వెళ్లి తల్లి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఆమె అతని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని పోల్చుకుంది. నుదురు తడిమింది. "జెరం తగ్గింది," అంది. "ఇంత ఆల్శమైందేంది అన్నా? ఎంత భయపడ్డనో."

లింగస్వామి తలుపు దగ్గరున్న తండ్రి వైపు ఒకసారి చూశాడు. తర్వాత తల్లి వైపు తిరిగి అన్నం ముద్ద కలిపాడు.

"ఒచ్చిన గదా సైదమ్మా," అన్నాడు. "దా, తిందాం."